ప్లేటు అడుగున పేరు

హాలిఫాక్స్
జనవరి 19, 2025

వదినకి సుందరి వందనాలు.

చెవి మిషను బాగుచేయించావా? చేయించకపోయినా పర్వాలేదులే. ఫోనులో నీకు మాట వినపడదు, నాకు మాట పెగలదు. ‘ఏం చేస్తున్నావే’ అని నువ్వు అడిగేలోపే నాకు ఏడుపు వచ్చేస్తుంది. ఉత్తరంలో అయితే ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఆపిన చోట నుంచే రాసుకోవచ్చు. ఐదో క్లాసుతో ఆగిపోయినదాన్ని, తప్పులుంటే దిద్దుకో. నర్సాపురం బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లోనే నా పలక నువ్వు దిద్దేదానివి. తర్వాత మా అన్నయ్యను చేసుకుని ఆ పెత్తనం ఖాయం చేసుకున్నావు.

ఒక పని చేశాను. అబీ పెట్టెలు విప్పాను.

నా పిల్ల పోయి పది నెలలైంది. డార్ట్‌మత్‌లో అది అద్దెకున్న గదుల నుంచి తెచ్చిన నాలుగు అట్టపెట్టెలు హాల్లో కిటికీ కింద అలాగే ఉన్నాయి. వాటి మీద దుప్పటి కప్పి, పైన పూలకుండీ పెట్టాను, చూసినవాళ్ళు బల్ల అనుకోవాలని. నిన్న కుండీకి నీళ్ళు ఎక్కువ పోశాను. కారిపోయి పెట్టె తడిసింది. లోపల దాని వస్తువులు తడుస్తాయని విప్పాను. అంతే వదినా, ధైర్యం వచ్చి కాదు.

మూడో పెట్టెలో వంటింటి సామాను. దాంట్లో ఏదో చర్చి వాళ్ళు ఆదివారం పంచే కాగితాల్లో చుట్టిన మట్టి ప్లేటు ఒకటి ఉంది. నేను ఎప్పుడూ చూడలేదు. నల్లటి ప్లేటు, దాని మీద ఎర్రమట్టి రంగులో చేపలు. ఒకటి అచ్చం సందువా. ఒకటి టేకు చేపలా గుండ్రంగా, సన్నటి తోకతో. మూడోది పది చేతులున్నది. మధ్యలో చిన్న గుంట. చూడగానే నవ్వొచ్చింది. ఆ గుంటలో పులుసు పోసుకుని చుట్టూ చేప ముక్కలు పెట్టుకోవడానికే కదా అది. ఇంత తెలివైన ప్లేటు ఎవరు చేశారో అనుకున్నాను.

తిరగేసి చూశాను. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో ‘అమ్మ ప్లేటు’ అని తెలుగులో రాసి ఉంది. అక్షరాలు వంకర, ‘మ’ ఒత్తు పక్కింటికి వెళ్ళిపోయింది. అబీ గోళ్ళకి వేసుకునే రంగే.

మన చర్చి ఫెలోషిప్ భోజనాలకి అందరూ గిన్నెల అడుగున నెయిల్ పాలిష్‌తో పేర్లు రాసుకుంటారు, నేను తప్ప. నా గిన్నెలు అందుకే తిరిగి రావు. నన్ను చూసి అబీ ఎప్పుడూ నవ్వేది. కానీ దానికి తెలుగు రాయడం ఎప్పుడొచ్చింది? ఐదేళ్ళప్పుడు ఇక్కడికి తెచ్చాను. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చిన పిల్ల. నీకేమైనా తెలుసా?

ఈ రోజు ఆ ప్లేటులోనే చేపల వేపుడు పెట్టి చర్చికి తీసుకెళ్ళాను. విద్య గారు ఎక్కడ కొన్నారండీ అని అడిగారు. మా అమ్మాయి కొన్నది అన్నాను. పది నెలల తర్వాత మా అమ్మాయి అనే మాట నలుగురిలో గొంతు ఆగకుండా అన్నాను.

ఇంకో సంగతి. నా పెళ్ళి స్టీలు డబ్బా ఏ పెట్టెలోనూ లేదు. అడుగున ‘యస్. జ్ఞానసుందరి’ అని మా నాన్న చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించినది. నువ్వు మొన్నటేడాది వచ్చి వెళ్ళాకే అది కనపడటం లేదు. నేనేమీ అనడం లేదు.

నీ ఆడపడుచు
సుందరి


రెజైనా
ఫిబ్రవరి 2

సుందరికి,

ఏమీ అనకుండానే ఇంత అన్నావు. అంటే ఇంకెంత అనేదానివో.

మా ఇంట్లో గిన్నెలన్నీ బోర్లించి చూశాను. అన్నిటి మీదా ‘ఆర్. రత్నకుమారి’ అనే ఉంది. ఒక్క గరిట మీద మాత్రం ‘స్త్రీల సమాజం’ అని ఉంది, దాని సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం. నీ డబ్బా నా దగ్గర లేదు. మీ అన్నయ్య సాక్ష్యం. ఆయన ఎలియాజరు అనే పేరు పెట్టుకుని అబద్ధం చెప్పరు కదా.

ఇక్కడ మైనస్ ముప్పై ఎనిమిది. ఆయన కారు బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి పసిపిల్లలా హీటరు పక్కన పడుకోబెట్టారు. నన్ను ఎప్పుడైనా అలా చూసుకున్నారా అని అడిగితే, ‘నువ్వు ఆగిపోయిన రోజు లేదుగా’ అన్నారు.

పెట్టెలు విప్పావు, మంచి పని చేశావు. నీళ్ళు ఎక్కువ పోశాను అంటున్నావు, నీ చేత ఎవరో పోయించారు అంటాను నేను.

తెలుగు సంగతి నాకేం తెలుస్తుంది. ఈ కాలం పిల్లలకి అన్నీ ఫోనులోనే ఉంటాయి.

ఆ ప్లేటు అడుగు మాత్రం పీచు పెట్టి తోమకు. ఒట్టి నీళ్ళతో కడుగు.

వదిన
రత్నకుమారి


హాలిఫాక్స్
ఫిబ్రవరి 23

వదినకి వందనాలు.

నువ్వు కూర్చునే ఉన్నావా? లేకపోతే కూర్చో.

ఈ నెల నుంచి యూనివర్సిటీలో నాకు వేరే బిల్డింగు ఇచ్చారు, తుడవడానికి. దాని కింది అంతస్తులో చిన్న మ్యూజియం ఉంది. మొదటి రోజు అద్దాల బీరువాలు తుడుస్తున్నాను. మూడో అద్దం వెనకాల మన ప్లేటు ఉంది.

మన ప్లేటు కాదు, దాని అక్కచెల్లెలు. అదే నలుపు, అవే ఎర్ర చేపలు, అదే గుంట. గుడ్డ పక్కన పడేసి అద్దానికి ముక్కు ఆనించి చూశాను. అక్కడ పనిచేసే ఎలీనా గారని ఒకావిడ, గ్రీకు వాళ్ళమ్మాయి, నలభై ఏళ్ళుంటాయి, ‘ఏమైంది’ అంది. నా ఇంగ్లీషు నీకు తెలుసుగా. ‘ఇట్లాంటిది మా ఇంట్లో ఒకటి ఉంది, పోయిన ఆదివారం కూడా చేపలు పెట్టాను’ అని చెప్పాను. ఆవిడ మర్యాదగా నవ్వింది. ఫోనులో ఫోటో చూపించాను. నవ్వు ఆగిపోయింది.

మర్నాడు తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాను. ఆవిడ చేతులకి గ్లవ్స్ వేసుకుని, పసికందును ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఏం పెట్టి కడిగారు అంది. ఒకసారి చింతపండు పెట్టాను అన్నాను. కళ్ళు మూసుకుంది.

ఆ ప్లేటు వయసు రెండు వేల మూడు వందల ఏళ్ళట. గ్రీసు దేశం వదిలిపెట్టి ఇటలీ దక్షిణాన స్థిరపడ్డ వాళ్ళు చేసుకున్నదట. మనలాగే ఊరు మారినవాళ్ళు, తినే చేపలు మాత్రం మర్చిపోలేదు. మధ్యలో గుంట ఎందుకో తెలుసా అని నన్ను అడిగింది. పులుసుకి అన్నాను. ‘నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నాను, మీకెవరు చెప్పారు’ అంది. చేపలు తినేవాళ్ళకి ఒకరు చెప్పాలా అన్నాను.

అప్పుడే ఒక మాట చెప్పింది వదినా, దాంతో నా ప్రాణం జావైపోయింది. ఇలాంటి ప్లేట్లు ఎక్కువగా సమాధుల్లో దొరుకుతాయట. చనిపోయినవాళ్ళ పక్కన పెట్టేవారట. నేను దాంట్లో వేపుడు పెట్టి చర్చి అంతటికీ వడ్డించాను.

తిరగేసి అడుగు కూడా చూసింది. ఇదేమిటి అంది. మా అమ్మాయి రాసింది అన్నాను. మా అమ్మాయి లేదని చెప్పడానికి నా ఇంగ్లీషు చాలింది.

ఇంట్లో పెట్టుకుంటే అంచు దగ్గర ఉన్న బీట పాకుతుందట, మ్యూజియంకి ఇస్తే కాపాడతారట. కానీ ఊరికే తీసుకోరు. మట్టిలోంచి తీసినప్పటి నుంచి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో పేరు పేరునా తెలియాలట. దొంగ సొత్తు కాదని, ఎప్పుడో పాత రోజుల్లోనే ఇటలీ దాటిందని రుజువు కావాలట. మీ అమ్మాయి ఎక్కడ కొన్నది అని అడిగింది. తెలియదు అన్నాను. నా కూతురు సంగతి నాకు తెలియదని ఒకళ్ళతో చెప్పడం ఎంత కష్టమో.

ఏం చేయను? ఆ ప్లేటు ఇప్పుడు మంచం కింద పెట్టాను. చూడబుద్ధి కావడం లేదు.

సుందరి


రెజైనా
మార్చి 6

సుందరీ,

మంచం కింద నుంచి దాన్ని ముందు బయటికి తియ్యి.

సమాధిలో పెట్టారంటే ఎవరు పెట్టి ఉంటారు? తెలియనివాళ్ళు పెట్టరు కదా. పోయినవాళ్ళకి చేపలంటే ఇష్టమని తెలిసినవాళ్ళే పెట్టి ఉంటారు. తల్లో, అక్కో. ఆకలితో పంపకూడదు అనుకుని ఉంటారు. అబీని సమాధి చేసిన రోజు దాని పెట్టెలో నువ్వు ఏం పెట్టావు? దాని స్వెటరు, బైబిలు, ఆ పిచ్చి చారల మేజోళ్ళు. నేను చూశానుగా. ఆ తల్లికీ నీకూ నాకేమీ తేడా కనిపించలేదు. చర్చి వాళ్ళకి నువ్వు వడ్డించినది అలాంటి చెయ్యి దాటిన ప్లేటు. అంతకంటే పవిత్రమైనది నీ వంటింట్లో ఇంకొకటి లేదు, నీ పెనం సంగతి నాకు తెలుసు.

ఇక అది ఎక్కడ కొన్నదో తెలియదు అంటున్నావు. ఇంట్లో కూర్చుంటే ఎలా తెలుస్తుంది? ఆ ప్లేటుకి చుట్టిన చర్చి కాగితాలు పారేశావా? పారేయకపోతే వాటి మీద పేరు చూడు.

పద్నాలుగో తేదీకి నా రెక్కలు కట్టుకుని రాలేను, మంచు తుఫాను అంటున్నారు. జ్ఞాపకార్థ కూడికకి నీ పక్కన విద్య గారిని కూర్చోమని చెప్పాను. మేము ఇక్కడ అదే టైముకి మోకరిస్తాం.

రత్నకుమారి


హాలిఫాక్స్
మే 1

వదినకి,

కూడిక అయింది. అది బాగానే జరిగింది, దాని గురించి రాయను. దాని తర్వాత జరిగింది రాస్తాను, ఎందుకంటే రాస్తుంటే నవ్వు వస్తోంది.

కాగితాలు పారేయలేదు. వాటి మీద డార్ట్‌మత్‌లో ఒక చర్చి పేరు ఉంది, అబీ ఉన్న వీధికి నాలుగు వీధుల అవతల. మొన్న ఆదివారం ఫెర్రీ ఎక్కి వెళ్ళాను. అబీ రోజూ ఎక్కిన ఫెర్రీ. ఏడాదిగా నేను ఆ నీళ్ళ వైపు చూడలేదు. ఆ రోజు పైన నిలబడి చూశాను. బాగుంది వదినా, గాలికి చెవులు ఊడిపోయాయి గానీ బాగుంది.

పెద్ద రాతి చర్చి. పాతికమంది ముసలివాళ్ళు. మన చర్చిలోలాగా పాట అయ్యాక ఎవరికి వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల టైము వస్తుంది కదా అనుకుని, పాట ఆగగానే లేచి నిలబడ్డాను. అక్కడ సాక్ష్యాలు లేవట. ఎవరూ మధ్యలో లేవరట. పాస్టరు గారు ప్రసంగానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. లేచాక కూర్చోవడం ఇంకా సిగ్గు. అందుకని చెప్పేశాను. నా పేరు సుందరి, మా అమ్మాయి పేరు అబిగేల్, అది నర్సు, ఇప్పుడు లేదు, ఈ చేపల ప్లేటు దానికి ఎవరిచ్చారో మీలో ఎవరికైనా తెలుసా అని ఫోటో పైకెత్తి పట్టుకున్నాను.

అందరూ మెడలు తిప్పి చూశారు. వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ గొంతు. ‘అయ్యో, అది మా పిల్లి ప్లేటు.’

చర్చి చర్చంతా నవ్వింది. పాస్టరు గారు కూడా.

ఆవిడ పేరు మార్జరీ మెక్‌ఐజాక్. ఎనభై ఆరేళ్ళు. చర్చి అవగానే నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఆవిడ భర్త ఆండ్రూ గారు నేవీలో చేసేవారు. 1961లో ఓడ నేపుల్స్ రేవులో ఆగినప్పుడు పాత సామాన్ల కొట్లో కొని, మేజోళ్ళలో చుట్టి పెళ్ళానికి తెచ్చారట. ఆవిడ సెంటు అడిగితే చేపల ప్లేటు తెచ్చాడట. గోడకి వేలాడదీస్తే చేప కళ్ళు తననే చూస్తున్నాయని అరవై ఏళ్ళు గొడవ. ఆయన పోయాక దించి, దాంట్లో పిల్లికి పెట్టిందట. 1962 క్రిస్మసు ఫోటో ఒకటి చూపించింది. చెట్టు పక్కన పెళ్ళికూతురు లాంటి మార్జరీ గారు మూతి ముడుచుకుని, ఆవిడ తల మీద గోడకి మన ప్లేటు.

ఇప్పుడు అసలు సంగతి. 2023 జూలైలో ఆవిడ ఇంటి ముందు పాత సామాను అమ్మకానికి పెట్టింది. అబీ ఆ ప్లేటు ఎత్తి, ‘ఇది మా అమ్మకి’ అందట. పిల్లి తిన్న ప్లేటుకి డబ్బు పుచ్చుకుంటే పాపం అని ఆవిడ, ఊరికే తీసుకోను అని ఇది. చివరికి ఆవిడ, ‘మీ ఇంట్లో వండింది ఏదైనా తెచ్చిపెట్టు’ అందట. తర్వాతి శనివారం ఇది చేపల పులుసు తీసుకెళ్ళింది. అప్పుడు నా దగ్గర పట్టుకెళ్ళిన పులుసే. అంతా తనే తిందని మురిసిపోయాను నేను. మార్జరీ గారికి కళ్ళూ ముక్కూ కారిపోయాయట, అయినా అడుగు దాకా తిందట. అబీ ఆవిడ వంటింట్లో నిలబడి, నేను ముల్లు తీస్తూ పాటలు పాడతాను కదా, అది చేసి చూపించిందట. ‘మా అమ్మ వంటలు బాగుంటాయి, గిన్నెలే తిరిగి రావు’ అందట.

వదినా, అబీ గురించి నాకు తెలియని సంగతి ఇక ఈ లోకంలో కొత్తగా పుట్టదు అనుకున్నాను. పుట్టింది. ఒక శనివారం మొత్తం పుట్టింది.

వచ్చేటప్పుడు ఆవిడ షెల్ఫు మీద నుంచి ఒకటి దించి, దాంట్లో గుండీలన్నీ బల్ల మీద ఒంపి, నా చేతిలో పెట్టింది. పులుసు తెచ్చిన గిన్నె. నా స్టీలు డబ్బా. అడుగున చుక్కల్లో నా పేరు.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో, దాంట్లో బిస్కెట్లు పోసి ఇచ్చింది. నేను ఈ శనివారం పులుసు పోసి మళ్ళీ పట్టుకెళ్తాను.

నీకు క్షమాపణ చెప్పాలని నాకు తెలుసు. ఈ ఉత్తరంలో చోటు అయిపోయింది.

సుందరి


రెజైనా
మే 14

సుందరికి,

చోటు అయిపోయింది అని రాసిన కాగితం కింద ఇంకా అరచెయ్యి అంత తెల్లగా ఉంది. మీ అన్నయ్యకి కూడా చూపించాను. ‘మా చెల్లెలు అరవై ఏళ్ళుగా అంతే’ అన్నారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పిల్లి ప్లేటు దగ్గర ప్రతిసారీ నవ్వాను. శనివారం దగ్గర ప్రతిసారీ ఆగాను.

నీకు నేను కూడా ఒకటి చెప్పవలసింది ఉంది. ఇప్పుడు కాదు. నేను కూడా ధైర్యం వచ్చి చెప్పేదాన్ని కాను, పెట్టె తడవాలి.

రత్నకుమారి


హాలిఫాక్స్
జూన్ 22

వదినకి,

క్షమించు. ఇదిగో, ఉత్తరం మొదట్లోనే రాశాను. నువ్వు చెప్పవలసింది ఏమిటో చెప్పు, నాకు అనుమానంగా ఉంది గానీ నేను ముందు నా గొడవ చెప్పుకోవాలి.

మార్జరీ గారి ఫోటో చూసి ఎలీనా గారు చిన్నపిల్లలా గంతేసింది. దానితో రుజువు దొరికినట్టేనట. ఇటలీ వాళ్ళకి కూడా రాసి కనుక్కున్నారు, అభ్యంతరం లేదన్నారు. మ్యూజియం తీసుకుంటామంది. నేనూ సరే అన్నాను. బీట పాకి ముక్కలైతే అబీకి ఏం చెప్పుకోను?

అంతా బాగుంది అనుకునేసరికి, మొన్న పక్క నుంచి లైటు పెట్టి ప్లేటు అడుగు చూశారు. నెయిల్ పాలిష్ కింద గీతలు ఉన్నాయి. మేకుతోనో కత్తి మొనతోనో గీకిన గ్రీకు అక్షరాలు. ఆ కాలంలో కూడా గిన్నెలు కలిసిపోకుండా సొంతవాళ్ళు అడుగున పేరు గీసుకునేవారట. వదినా, రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందట కూడా విందులకి తీసుకెళ్ళిన గిన్నెలు తిరిగి వచ్చేవి కావు.

ఎవరి పేరో చదవాలంటే నెయిల్ పాలిష్ తీయాలి. అది ఎలాగూ మట్టిని పాడుచేస్తుందట. ‘అమ్మ’ పక్కగా ఉంది, దాన్ని ఉంచవచ్చట. ‘ప్లేటు’ అనే మాట సరిగ్గా ఆ పేరు మీద కూర్చుంది. నేను ఒప్పుకుంటేనే తీస్తాం, లేకపోతే అలాగే ఉంచేస్తాం అని ఎలీనా గారు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. కమిటీ వాళ్ళని కూడా ఒప్పించిందట.

మొత్తం నాలుగు అక్షరాలు. అబీ చేత్తో తెలుగులో రాసినవి ఈ భూమ్మీద ఆ నాలుగే. దాంట్లో రెండు తుడిచేయమని నా నోటితో ఎలా చెప్పను? చెప్పకపోతే కింద ఉన్న ఆవిడ పేరు ఎప్పటికీ చదవరు. ఆడమనిషి పేరే అనిపిస్తోంది నాకు, ఎవరి తల్లో, ఎవరి కూతురో. నీ మాట ఏమిటి వదినా? నువ్వేం చెప్తే అది చేస్తాను.

సుందరి


రెజైనా
జూలై 3

సుందరీ,

పెట్టె తడిసింది. వింటావా.

ఆ నాలుగే కాదు.

అబీకి తెలుగు నేర్పింది నేను. 2023 వేసవి నుంచి. ప్రతి మంగళవారం వీడియో కాల్. దాని మాట నాకు వినపడేది కాదు, నేను పలక మీద రాసి కెమెరాకి చూపించేదాన్ని, అది కాగితం మీద రాసి చూపించేది. చెవిటి పంతులమ్మ, మాట రాని శిష్యురాలు అని మీ అన్నయ్య వెక్కిరించేవారు. రాసిన కాగితాలు నాకు పోస్టు చేసేది, ఎర్ర పెన్నుతో దిద్ది పంపమని. నీ అరవయ్యో పుట్టినరోజుకి ఆ ప్లేటు పెట్టి, తెలుగులో తనే ఉత్తరం రాసి ఇవ్వాలని ప్లాను. అమ్మకి చెప్పొద్దు అత్తా అని ప్రమాణం చేయించుకుంది. నవంబరుకి కదా నీ పుట్టినరోజు. అది మార్చిలోనే వెళ్ళిపోయింది.

ఆ ప్రమాణం ఎప్పుడు విప్పాలో నాకు తెలియలేదు. జనవరిలో నువ్వు అడిగినప్పుడు పిల్లలకి అన్నీ ఫోనులోనే ఉంటాయి అని రాశాను. అబద్ధం కాదు, ఫోనులోనే నేర్పాను. అయినా నీ ముందు దోషినే. ఈ కాగితాలు నీకిస్తే నా దగ్గర దాని గుర్తు ఏమీ మిగలదని కూడా దాచుకున్నాను. అది కూడా రాస్తున్నాను, తిట్టుకో.

పదకొండు కాగితాలు ఈ కవరులో ఉన్నాయి. మొదటి నాలుగూ ఒట్టి ‘అమ్మ’. పేజీ నిండా. ఒకదానిలో ఒత్తు ఎగిరిపోయింది, ఒకదానిలో రెండు ఒత్తులు పెట్టింది. చివరి కాగితం దాని ఉత్తరం, మొదలుపెట్టి ఆపేసింది. దాన్ని నేను దిద్దలేదు.

ఇక నీ ప్రశ్న. నేను చెప్పను. కాగితాలు చూసుకుని నువ్వే చెప్పు.

వదిన


హాలిఫాక్స్
అక్టోబరు 13

వదినకి సుందరి వందనాలు.

తిట్టుకోలేదు. కాగితాలన్నీ వంటింటి బల్ల మీద పరిచి, వాటి ముందు అన్నం తిన్నాను. రెండు ఒత్తులు పెట్టిన ‘అమ్మ’ నాకు బాగా నచ్చింది. ఒకటి చాలదనుకుందేమో. రెండో కాగితం, ఏడో కాగితం నీకు తిరిగి పంపిస్తున్నాను. నీ ఎర్ర పెన్ను వాటి మీదే ఎక్కువ ఉంది, అవి నీవి.

చివరి దాంట్లో రెండు లైన్లే ఉన్నాయి. నువ్వు దిద్దలేదు, నేనూ దిద్దలేదు. ‘అమ్మా, ఇది నేనే రాశాను. ఇక నీ గిన్నెలు పోవు, నేను అన్నిటికీ పేర్లు రాస్తాను.’

ఆ రెండో లైను చదివాక ఎలీనా గారి దగ్గరికి వెళ్ళాను. అన్నిటికీ పేర్లు రాస్తాను అన్న పిల్ల, ఇంకొకరి పేరు మీద కూర్చుని ఉండిపోతుందా? తీయండి అన్నాను. ‘అమ్మ’ మాత్రం ముట్టుకోవద్దు అన్నాను. సన్నటి పుల్లకి దూది చుట్టి, మందులో ముంచి, ఎలీనా గారు చీమ నడిచినట్టు తుడిచింది. నేను పక్కనే కూర్చున్నాను. ‘టు’ పోయింది. ‘ప్లే’ పోయింది. ఏడుస్తాననుకున్నాను. కింద నుంచి గీతలు ఒకటొకటిగా పైకి వస్తుంటే బల్ల మీదికి వంగి నేనే ముందు చూడాలని తోసుకున్నాను.

పేరు పూర్తిగా లేదు. ‘ఫిలి’ దాకా ఉంది, తర్వాత పెచ్చు ఊడింది. ఆడమనిషి పేరే అయి ఉంటుందట. నాకు మిగతాది అక్కర్లేదు. మనం రత్నకుమారిని రత్నం అన్నట్టు ఆవిడని ఫిలి అంటున్నాను.

తర్వాత ఒక చిన్న గొడవ పడ్డాను, నువ్వు మెచ్చుకుంటావు. ప్లేటు పక్కన పెట్టే కార్డు మీద ఎవరెవరి చేతులు దాటిందో రాశారు. ఆండ్రూ మెక్‌ఐజాక్, మార్జరీ మెక్‌ఐజాక్, దాని కింద ‘ప్రైవేటు కలెక్షన్, హాలిఫాక్స్’ అని ఉంది. అంటే ఎవరు అని అడిగాను. అంటే మీరూ మీ అమ్మాయీ, కొంతమంది పేరు వద్దంటారు, అందుకని అలా రాయడం అలవాటు అంది. మాకు పేర్లు ఉన్నాయండీ అన్నాను. ‘మా నాన్న చుక్కలు పెట్టించి మరీ కొట్టించాడు, మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో రాసింది, ఫిలి గారు మేకుతో గీసుకుంది. ఇంతమంది ఇంత కష్టపడితే మీరు ప్రైవేటు అంటారేమిటి?’ ఆవిడ నవ్వుతూ ఆ కార్డు చింపేసింది.

కొత్త కార్డు మత్తయి సువార్త మొదటి పేజీలో వంశావళిలా ఉంది వదినా. ఫిలి, తర్వాత తెలియని చేతులు, నేపుల్స్ కొట్టు, ఆండ్రూ, మార్జరీ, అబిగేల్, అబిగేల్ తల్లి జ్ఞానసుందరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క లైను. పిల్లిని కూడా వేయమని మార్జరీ గారు అడిగింది. చోటు లేదన్నారు. కార్డు కింద అరచెయ్యి అంత తెల్లగా ఉంది, నేను చూశాను.

మొన్న శుక్రవారం బీరువా తెరిచారు. మార్జరీ గారు టోపీ పెట్టుకుని వచ్చింది. నేను స్టీలు డబ్బాలో పులుసు తీసుకెళ్ళాను, కాగితం ప్లేట్లలో తిన్నారు. గుంట లేని ప్లేట్లు, పులుసు అంతా కారిపోయింది. ఎందుకు ఆ గుంట అని ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు.

థాంక్స్‌గివింగ్ సెలవు కదా ఈ రోజు, తీరిగ్గా రాస్తున్నాను. నవంబరులో నా పుట్టినరోజుకి నువ్వూ అన్నయ్యా రండి. చెవి మిషను పెట్టుకుని రా, నీకు ఫోనులో చెప్పలేనివి చాలా ఉన్నాయి, ఈ మధ్య గొంతు పెగులుతోంది. మ్యూజియంలోకి మాత్రం కాళ్ళు తుడుచుకుని రండి, ఆ ఫ్లోరు తుడిచేది నేనే.

ప్లేటుకి పైన చేపలు, కింద పేర్లు రెండూ కనపడాలని దాని కింద అద్దం పెట్టారు. అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు తల అటూ ఇటూ వంచి చూస్తారు, ఎవరికీ అర్థం కాదు. నేను బీరువా తుడుస్తూ ఉంటాను కదా, అడుగుతారు. ఎడమ పక్కన ఉన్నది ఫిలి, కుడి పక్కన ఉన్నది నేను అని చెప్తాను.

నీ ఆడపడుచు
యస్. జ్ఞానసుందరి